డెల్ఫీన్ ఎడమ బొటనవేలు

మా ఆయన ఫిర్మిన్‌కి ఒక జబ్బుంది. తీగ కనబడితే చాలు, చుట్ట చుట్టి మేకుకు తగిలిస్తాడు. తోటలో నీళ్ళ గొట్టం, ఇస్త్రీపెట్టె తీగ, నేను అల్లుకుంటున్న ఊలు, ఏదైనా సరే. పెళ్ళయిన నాటినుంచి ఈ పొందిక చూసి నవ్వుతూనే ఉన్నాను. కిందటి సెప్టెంబరులో మా ఊరి తిరునాళ్ళ రేసు నాడు మాత్రం మేకుకు వేలాడుతున్న ఒక తీగ చుట్టను చూసి నా గుండె గుభేలుమంది.

ఆ తీగ డెల్ఫీన్ సైకిలుది.

డెల్ఫీన్ మా వీధి చివర ఉల్లికాడలు పండించే రైతు కూతురు. బడి వయసులోనే గంబూట్లతో పొలంలోంచి నేరుగా సైకిలెక్కి, మా వీధిలో బస్సుతో పోటీపడేది. నన్ను పిన్నీ అంటుంది. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పుడు మా వంటింట్లో తిన్న రొట్టెల చుట్టరికమే. ఆడపిల్లల రేసుల్లో పేరు తెచ్చుకుంది. కప్పులు గెలిచిందని కాదు. వానలో, ఎదురుగాలిలో, అందరూ దిగిపోయిన రోజున కూడా చివరిదాకా తొక్కే మనిషని. మొండిఘటం. మా ఊళ్ళో దానికి గెలుపుకన్నా ఎక్కువ మర్యాద.

ఒక చలికాలం పొద్దున ఉల్లికాడలు కడిగే యంత్రం ఆమె కుడిచేతిని లోపలికి లాక్కుంది. చెయ్యి మిగిలింది గానీ వేళ్ళలో సత్తువ మిగల్లేదు. కాఫీ కప్పు పట్టుకుంటుంది, చొక్కా గుండీ పెట్టుకోలేదు. హ్యాండిల్ మీద ఆ చెయ్యి ఆనించుకోగలదు, మీట నొక్కలేదు. పాత రకం రేసు సైకిలుకి గేరు మార్చాలంటే మీటను వేళ్ళతో బలంగా తొయ్యాలి. ఆ తోపుకే లోపలి ఇనుప తీగ బిగిసి చైనును ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి లాగుతుంది. ఆ తోపే ఆమె దగ్గర లేదు. సైకిల్ని తీసుకెళ్ళి పశువుల కొట్టంలో అటక మీద పెట్టించింది. కొన్నేళ్ళ పాటు రేసు జరిగే ప్రతి ఆదివారం కిటికీ తలుపులు వేసుకుని కూర్చుంది. నేను వెళ్ళి తలుపు కొడితే తలనొప్పి అనేది.

ఆమెను మళ్ళీ సైకిలెక్కించినవాడు యోరిస్. చర్చి వెనక సైకిళ్ళ కొట్టు అతనిదే. కరెంటు గేరు వచ్చిందని విన్న వారమే ఆమె ఇంటికెళ్ళి ఎడమ బొటనవేలు చూపించమన్నాడట. ఈ గేరులో లాగే తీగ లేదు. చైను దగ్గర వేలెడంత మోటారు, సీటు గొట్టం లోపల దాచిన బ్యాటరీ, ఒక మీట. మీట కూడా కాదు, బొత్తాం. దాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకోవచ్చు. యోరిస్ రెండు బొత్తాలూ ఎడమ బొటనవేలి కింద పెట్టాడు. పైది నొక్కితే గేరు బరువవుతుంది, కిందది నొక్కితే తేలికవుతుంది. రెండు బ్రేకులూ ఎడమ మీటకే కలిపాడు. కుడిచెయ్యి ఊరికే ఆని ఉంటే చాలు.

యోరిస్ అంతటితో ఊరుకునే రకం కాదు. బారులో బల్లమీద బీరు నురుగుతో బొమ్మలు గీస్తూ ఊదరగొట్టేవాడు.

"ఇంకా చూడు డెల్ఫీన్, ముందు ముందు చక్రమే తిరుగుతూ కరెంటు పుట్టిస్తుంది. ఛార్జింగు గొడవే ఉండదు. గేరు ఎత్తూ పల్లం తానే కనిపెట్టి తానే మారుతుంది. నీ గుండె ఎంత కొట్టుకుంటుందో కూడా చూసుకుంటుంది. నువ్వసలు నొక్కక్కర్లేదు."

"మరి నేనెందుకక్కడ? మూటలా కూర్చోడానికా?"

"నీ ఎడమచెయ్యి కూడా అలిసిపోయే రోజొకటి వస్తుంది కదే."

ఆమె గ్లాసు ఎడమచేత్తో తిప్పుతూ కూర్చుంది. యోరిస్ మంచివాడే కానీ నోటికి గేరు లేదు.

ఇక రేసుల్లోకి రానివ్వడం దగ్గర వచ్చింది తంటా. చుట్టుపక్కల క్లబ్బుల పెద్దలు కొందరు ఒంటిచేతి మనిషి గుంపులో ఉంటే మా పిల్లలు పడిపోతారని మొరపెట్టుకున్నారు. రేసుల మీద పెద్ద తీర్పరి ఒడిలాన్. నిటారు మనిషి, నవ్వడానికి కూడా రూలు వెతుక్కునే రకం. ఆయనకున్న ఒకే ఒక బలహీనత తిరునాళ్ళకు మా ఫిర్మిన్ వేసి అమ్మే బంగాళాదుంప వేపుళ్ళు. ప్రతి తిరునాళ్ళకూ రేసు కాగానే మా కారుషెడ్డులోకొచ్చి ఒక పొట్లం తిని గానీ ఊరు దాటడు.

ఆ ఒడిలానే చెప్పాడు, మా ఊరి రేసు ఒక్కటీ తొక్కనిస్తానని. తాను వెనక కారులో కూర్చుని కళ్ళారా చూస్తానని. "నీవల్ల ఒక్కరు బ్రేకు వెయ్యాల్సొచ్చినా సరే, అదే నీ ఆఖరి రేసు. నీవల్ల ఎవరికీ ఇబ్బంది లేదనిపిస్తే వచ్చే ఏడాది లైసెన్సు మీద నేనే సంతకం పెడతాను." ఇంత కచ్చితంగా చెప్పిన మాటకు ఇటో అటో తప్ప మధ్య దారి లేదు.

డెల్ఫీన్ సైకిలు మా షెడ్డులోనే ఉంటుంది. వాళ్ళింట్లో పెట్టుకునే చోటుంది గానీ, దాన్ని చూస్తే వాళ్ళ నాన్న మొహం మాడ్చుకుంటాడు. రేసు ముందు రోజు సాయంత్రం వచ్చి బండికి ఛార్జరు తగిలించింది. అంతకు ముందే బండి మీది దీపం ఎర్రగా కొట్టుకుంటోందట. ఆ నెలంతా తెగ తొక్కింది మరి.

"పిన్నీ, రాత్రంతా ఉంచుతాను. ఛార్జరు మీద దీపం వెలుగుతోందంటే ఎక్కుతున్నట్టు, ఆరిపోయిందంటే నిండిపోయినట్టు" అని చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున వచ్చేసరికి ఛార్జరు తీగ నీటుగా చుట్టి మేకుకు తగిలించి ఉంది. "బాబాయ్ అప్పుడే తీసి సర్దేశాడే!" అని నవ్వింది. ఎప్పుడూ బయల్దేరేముందు బొత్తాన్ని నొక్కిపట్టి దీపం రంగు చూసుకునే అలవాటు ఆమెది. ఆ రోజు చూసుకోబోతుండగా ఒడిలాన్ షెడ్డులోకొచ్చాడు. వేళ్ళు ముడవమన్నాడు, బ్రేకు పట్టమన్నాడు, సైకిలు ముందుకు తోసి ఆపమన్నాడు, మళ్ళీ తోశాడు. సంతలో గేదెను చూసినట్టు చూశాడు. ఆమె చెవులు ఎర్రబడిపోయాయి. ఆయన వెళ్ళేసరికి బయట ఈల వేశారు. దీపం సంగతి ఆమె బుర్రలోంచి ఎగిరిపోయింది.

మా ఊరి చుట్టు తేలికైందేం కాదు. మా వీధిలోంచి బయల్దేరి, ఉల్లి పొలాల మధ్య గాలికి ఎదురేగి, కోళ్ళదిబ్బ అనే రాళ్ళ ఎత్తు ఎక్కి, అక్కణ్ణుంచి పల్లంలో జారి మళ్ళీ మా వీధికే రావాలి. మా గుమ్మంలో నిలబడితే ముగింపు గీత కనబడుతుంది. దిబ్బ కనబడదు, మైకు కుర్రాడు చెప్పింది వినాల్సిందే.

మొదటి చుట్టులో డెల్ఫీన్ గుంపు నడుమ ఉంది. వెనక ఒడిలాన్ కారు. రెండో చుట్టులోనూ అంతే. నాకు కాస్త ఊపిరాడి షెడ్డులోకి వెళ్ళాను. ఫిర్మిన్ కరెంటు నూనె మూకుడు దగ్గర రెండో వేపుడు మొదలుపెడుతున్నాడు. మా దగ్గర వేపుళ్ళు రెండుసార్లు వేస్తారు. ముందురోజు సాయంత్రం మెత్తగా ఒకసారి, మర్నాడు కరకరలాడేట్టు ఇంకోసారి. ఒకేసారి వేసేవాణ్ణి మా ఊళ్ళో వంటవాడనరు.

మూకుడు తీగ గోడ ప్లగ్గులోకి పోయి ఉంది. షెడ్డులో ఉన్నది ఆ ఒక్క ప్లగ్గే. నా చూపు అక్కణ్ణుంచి మేకుకున్న చుట్ట మీదికి పోయింది.

"ఏమయ్యా, ఈ తీగ ఎప్పుడు తీశావ్?"

"నిన్ననే."

"నిన్న ఎప్పుడు?"

"ఆ పిల్ల అటెళ్ళగానే. నూనె కాగాలి కదా. మొదటి వేపుడెక్కడ వెయ్యను మరి, నీ నెత్తిమీదా?"

"మళ్ళీ పెట్టలేదా?"

ఫిర్మిన్ జల్లెడగరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎరుపు ముందు చెవులకు, తరవాత మొహమంతా ఎక్కింది. "మర్చేపోయాను ఆలీదా" అన్నాడు మెల్లిగా. "వేపుడయ్యాక చూస్తే దీపం ఆరిపోయి ఉంది. ఆరితే నిండినట్టని ఆ పిల్లే చెప్పింది కదా."

తీగ పీకేస్తే ఏ దీపమైనా ఆరిపోతుంది. ఆ మాట అని ఏం లాభం! తిట్టడానికి నోట్లో ఎన్ని మాటలు తిరిగాయో దేవుడికే తెలియాలి. అన్నీ మింగేసి వేపుళ్ళ ధరలు రాసిన పలక పీక్కుని, ఏప్రనుతో తుడిచి, సుద్దముక్కతో ఇంతింత అక్షరాలు రాశాను. ఛార్జి లేదు. తక్కువ నొక్కు.

వీధిలోకి పరుగెత్తేసరికి మైకు కుర్రాడు గుంపు దిబ్బ దిగుతోందని చెబుతున్నాడు. పక్కన నిలబడ్డ ముసలి సెరాఫిన్ పలక చదివి ఇకిలించాడు. ఒకప్పుడు రేసులు తొక్కిన మనిషి, ఇప్పుడు నోటితోనే తొక్కుతాడు.

"బ్యాటరీ బండ్లు! ఇనుప తీగ గేరైతే ఈ గతి పట్టేదా?"

"ఇనుప తీగ గేరైతే ఆ పిల్ల ఇక్కడుండేదే కాదు. నోరు మూసుకుని పక్కకి జరుగు, పలక కనబడాలి."

గుంపు వచ్చింది. డెల్ఫీన్ నన్ను చూసింది, పలక చూసింది, ఒక్కసారి తలాడించింది. ఆ తలాడింపులో ఆశ్చర్యం లేదు. ఆమెకు అప్పటికే తెలుసని నాకర్థమైంది.

తరవాత ఆమే చెప్పింది. ఆ చుట్టులో దిబ్బ ఎక్కుతూ కింది బొత్తాం నొక్కితే ముందరి పళ్ళచక్రం దగ్గర చైను కదల్లేదట. ఈ గేర్లు చచ్చేటప్పుడు ఒక వరసలో చస్తాయి. కరెంటు అడుగంటితే ముందర మోటారు ముందు పడుకుంటుంది. మిగిలిన కాస్తా వెనక మోటారుకు ఇస్తుంది. అదీ అయిపోతే చైను ఏ పళ్ళమీద ఉంటే ఆ పళ్ళమీదే ఉండిపోతుంది. అంటే ఆమెకు మిగిలినవి కొన్ని నొక్కులు. ఎన్నో ఎవరికీ తెలియదు. ఇంకొకరి సైకిలు ఎక్కుదామంటే ఆ ఊళ్ళో ఉన్న సైకిళ్ళన్నీ రెండు చేతులవాళ్ళవి.

ఆగిపోవచ్చు. మా గుమ్మం ముందు కాలు కింద పెడితే ఎవరూ పడరు, ఎవరికీ దెబ్బ తగలదు. కానీ ఒడిలాన్ ఏమంటాడో తెలిసిందే. చెయ్యి లేదు, ఇప్పుడు యంత్రమూ లేదు, ఇంటికెళ్ళు తల్లీ అంటాడు.

ఆగకుండా గుంపులోనే ఉంటే అంతకన్నా ఘోరం. గుంపు రబ్బరులా సాగుతుంది, ముడుచుకుంటుంది. మలుపు దగ్గర అందరూ నెమ్మదించి ఒక్కసారి లేస్తారు. గేరు మార్చకుండా ఆ కుదుపుల్లో నిలవడమంటే ఎవరి చక్రానికో తగలడమే. ఒక్క తగులు చాలు. వెనక కారు అద్దంలోంచి ఆయన చూస్తూనే ఉన్నాడు.

నాలుగో చుట్టు మొదట్లో మైకు కుర్రాడి గొంతు కీచుమంది. "డెల్ఫీన్! మన డెల్ఫీన్ ముందుకెళ్ళింది! ఒంటరిగా!"

వీధి వీధంతా అరిచింది. సెరాఫిన్ టోపీ ఎగరేశాడు. "అదీ రక్తమంటే!" అన్నాడు, ఇందాక ఇకిలించిన నోటితోనే. ఫిర్మిన్ షెడ్డు వదిలి నా పక్కకొచ్చి నిలబడ్డాడు. అరిచేవాళ్ళకు తెలియదు, ఆ పిల్ల ఒకే గేరులో పోతోందని. ఎత్తుకి కాస్త బరువు, పల్లానికి కాస్త తేలిక అయిన గేరొకటి వెతికి, అందులో పెట్టుకుని, బొటనవేలు బొత్తాం మీంచి తీసేసింది.

మా ముందునుంచి ఒంటరిగా పోయినప్పుడు చూశాను. ఎడమ బొటనవేలు పైకి లేచి ఉంది, వేడి గిన్నె తాకకుండా ఎత్తిపట్టినట్టు. అలవాటున నొక్కేస్తానేమోనని భయమట. వీపు ఉప్పుతో తెల్లబడింది. కళ్ళు ఎవర్నీ చూడటం లేదు. ఫిర్మిన్ నా పక్కన నిలబడి ఏప్రనుకు చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. పొడిచేతులు.

"షెడ్డులోకి పో, వేపుళ్ళు మాడతాయి" అన్నాను.

"మాడనీ" అన్నాడు. మాడనివ్వడమన్నది ఆయన నోట నేనెన్నడూ వినలేదు.

దిబ్బమీద ఆ గేరులో కూర్చుని ఎక్కడం కుదరదు. సీటు వదిలి నిలబడి తొక్కాలి. నిలబడితే బరువు చేతులమీద పడుతుంది, కుడిచెయ్యి జారుతుంది. మైకు కుర్రాడు ఊగుతోంది అన్నప్పుడల్లా నేను మెళ్ళో శిలువ పట్టుకున్నాను. ఐదో చుట్టులోనూ అలాగే ఎక్కింది. ఆఖరి చుట్టులో ఎక్కుతున్నప్పుడు మైకు ఒక క్షణం మూగబోయింది. ఆ ఒక్క క్షణంలో ఆమెను నేను మనసులో మూడుచోట్ల పడేసుకున్నాను. తరవాత దిబ్బ మీదుంది అన్నాడు. వెనక గుంపు కనబడుతోంది అని కూడా అన్నాడు.

ఇక పల్లం, దాని తరవాత మా వీధి. గాలి వెనకనుంచి. ఇక్కడి కోసమే ఆమె ఆ నొక్కులు దాచుకుంది. పల్లం మొదట్లో బొటనవేలు దించి పై బొత్తాం నొక్కింది. ఏమీ లేదు. మళ్ళీ నొక్కింది. చిన్న కూత కూడా లేదు. దాచుకున్నదంతా ఎప్పుడో ఆవిరైపోయింది, ఆమెకు చెప్పకుండానే.

మా వీధిలోకి మలుపు తిరిగేసరికి ఆమె కాళ్ళు కుట్టుమిషను సూదిలా గిరగిరా ఆడుతున్నాయి. ఎంత ఆడినా బండి అంతకన్నా పోదు. వెనక గుంపు ఉరుముతూ వస్తోంది. బరువు గేర్లలో, పళ్ళు కొరుకుతూ, తలలు దించుకుని. తలలు దించుకున్నవాళ్ళకు ముందు నెమ్మదిగా ఉన్న మనిషి కనబడదు. రేసుల్లో ఘోరాలన్నీ సరిగ్గా అక్కడే జరుగుతాయి. ఫిర్మిన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు డెల్ఫీన్ కుడిచెయ్యి పైకెత్తింది. బండికి ఇబ్బందైనవాళ్ళు చెయ్యెత్తి చూపడం మా రేసుల్లో మామూలే. కానీ ఆ చెయ్యి! సత్తువ లేని ఆ వేళ్ళు తలకంటే పైకి లేచి, గాలిలో తెరుచుకుని, వణుకుతూ అలాగే నిలబడ్డాయి. ఎడమచేత్తో బండి పట్టి వీధి కుడి అంచున గీత గీసినట్టు తిన్నగా పోయింది, జానెడు ఇటు గానీ అటు గానీ జరగలేదు. గుంపులో ముందున్న పిల్ల చూసి అరిచింది, గుంపు ఎడమకు వాలింది, నీళ్ళు రాయిని దాటినట్టు ఆమెను దాటిపోయింది. ఒక్క బ్రేకు కీచుమనలేదు. నేను చెవులు రిక్కించుకునే ఉన్నాను.

గీత దాటినవాళ్ళలో ఆమె ఆఖరు.

షెడ్డులోకి వచ్చి సైకిలు గోడకానించి బీరు డబ్బాల పెట్టెమీద కూలబడింది. ఫిర్మిన్ ఎదురుగా నిలబడి మాటలు వెతుక్కుంటున్నాడు. నేను తువ్వాలు ఇచ్చాను. ఒడిలాన్ వచ్చేదాకా మూకుట్లో నూనె చిటపటలే వినిపించాయి.

ఆయన వచ్చి వేపుళ్ళ వైపు చూడలేదు. సైకిలు దగ్గరికి పోయి ఎడమ హ్యాండిల్ పట్టుకుని బొత్తాం నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. వంగి చైను చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"ముందరిది మూడో చుట్టులో. వెనకది ఎప్పుడు పోయిందో తెలీదు. నేను నొక్కలేదు."

"ఆగిపోవచ్చుగా?"

"ఆగితే మీరేమనేవారు?"

ఆయన నడుం ఎత్తి నిలబడ్డాడు. "మరి ఒంటరిగా ముందుకెందుకు పోయావు? ఆ గేరుతో గెలుద్దామనా?"

"గెలవనని తెలుసండీ. లోపలుంటే ఎవరికో ఒకరికి తగులుతాను. ముందుంటే నన్ను నేను పడేసుకోవాలే గానీ ఇంకెవర్నీ పడెయ్యలేను."

ఫిర్మిన్ ఇక ఆగలేకపోయాడు. "తప్పు నాదండీ ఒడిలాన్ గారూ. వేపుడు కోసం తీగ నేనే పీకాను. మళ్ళీ పెట్టలేదు. ఏం రాసుకున్నా నా పేరు రాసుకోండి."

"మీరు రేసు తొక్కారా?"

"లేదండీ."

"అయితే మీ పేరు నాకెందుకు?" ఆయన డెల్ఫీన్ వైపు తిరిగాడు. "బండి చూసుకోకుండా గీత దగ్గరికి రావడం తొక్కేవాళ్ళ తప్పు. ఇంకెవరిదీ కాదు. దీపం చూసుకోవాలి."

"అవునండీ" అంది. సాకులు చెప్పలేదు. పొద్దున ఆ చూసుకునే వేళకే మీరొచ్చి నా వేళ్ళు వంచి చూశారు అని అనలేదు. నేనైతే అనేసేదాన్ని. అనబోయాను కూడా. ఆమె నావైపు ఒక చూపు చూసింది, అంతే, నోరు మూసుకున్నాను.

ఒడిలాన్ షెడ్డంతా ఒకసారి కలియజూశాడు. మేకుకున్న తీగ చుట్ట దగ్గరికి పోయి దాన్ని దించాడు. ఫిర్మిన్ చుట్టిన చుట్ట విప్పడం ఆయనకు కాస్త కష్టమే అయింది. ఒక కొస బండికి గుచ్చాడు. రెండో కొస పట్టుకుని గోడదాకా వెళ్ళి, మూకుడు ప్లగ్గు పట్టి ఊడబీకాడు. చిటపటలు మెల్లిగా అణిగిపోయాయి. ఛార్జరు పెట్టి, దీపం వెలిగేదాకా అక్కడే వంగి నిలబడ్డాడు.

"వచ్చే ఆదివారం వాటర్‌హోక్‌లో రేసు. ఏడాది ఆఖరుది. పెందలాడే రా, బండి చూసుకోడానికి టైముండాలి."

డెల్ఫీన్ తువ్వాల్లో మొహం పెట్టుకుంది.

ఒడిలాన్ కుర్చీ లాక్కుని కూర్చుని, మూకుట్లో సగం వేగి మెత్తబడ్డ వేపుళ్ళు పొట్లంలో వెయ్యమన్నాడు. ఫిర్మిన్‌కు ప్రాణం పోయినంత పనయింది. అలాంటివి ఆయన ఎన్నడూ ఎవరికీ వడ్డించలేదు. ఒడిలాన్ ఒక్కటీ వదలకుండా తిన్నాడు, ఆ దీపం వైపు చూస్తూ.